డోన్ స్టేషన్‌లో ఆగిపోయిన రీలు

మా మిద్దెపైన గదిలో ఒక సోమాలియా పిల్లవాడు అద్దెకుంటున్నాడు. ఇంజనీరింగు చదువుకోవడానికి అంత దూరం నుంచి కర్నూలుకు వచ్చేవాళ్లు కూడా ఉంటారని వాడు వచ్చేదాకా నాకు తెలియదు. మొదట్లో కొంచెం బెరుకుగానే ఉండేది. తలుపు దగ్గర తల వంచితే తప్ప లోపలికి రాలేనంత పొడుగు వాడు. ఒక ఆదివారం నేను సంగటి కెలుకుతుంటే ఆ వాసనకు మెట్లు దిగి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "ఆంటీ, ఇది మా సూర్" అన్నాడు. వాళ్ల దేశంలో కూడా జొన్నపిండినో మొక్కజొన్నపిండినో ఇట్లాగే గట్టిగా కెలికి ముద్ద చేస్తారట. పళ్లెంలో పెట్టిస్తే, ముద్ద మధ్యలో గుంట చేసి పప్పు పోసుకుని, ఎవరూ నేర్పించకుండానే చేత్తో తిన్నాడు. ఆ రోజుతో నా బెరుకు పోయింది. ఇప్పుడు ఆదివారం వాడికి ముద్ద పెట్టకపోతే నాకే తోచదు.

మొన్న ఆదివారం వాడు ఫోన్‌ను నీళ్లచెంబుకు ఆనించి నిలబెట్టి, తింటూ వాళ్ల అవ్వతో మాట్లాడుతున్నాడు. ఫోన్లో పచ్చని ముసుగు కప్పుకున్న ముసలామె మొహం కనిపిస్తోంది. నా రేడియోలో ఏదో పాత హిందీ పాట మొదలైంది. ఉన్నట్టుండి ఆ ముసలామె మాట ఆపేసి పాటతో గొంతు కలిపింది. చరణాలతో సహా ఒక్క మాట తప్పకుండా పాడింది. చివర్లో దగ్గు వచ్చి నవ్వింది.

"మీ అవ్వకు హిందీ వచ్చా?" అని అడిగాను.

"ఒక్క ముక్క రాదు ఆంటీ. పాటలు మాత్రం అన్నీ వచ్చు" అన్నాడు వాడు. సరిగ్గా నా సంగతీ అంతే కాబట్టి నాకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఆమె మాట్లాడుతూనే ఉంది, వాడు తెలుగూ ఉర్దూ ఇంగ్లీషూ కలిపి నాకు చెబుతూనే ఉన్నాడు. వాళ్లది సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊరట. అక్కడ పైకప్పు లేని సినిమా హాలు ఉండేదట. చీకటి పడగానే హిందీ సినిమా వేసేవాళ్లు. సముద్రం గాలికి ఆడవాళ్ల ముసుగులు ఎగిరి వెనకవాళ్లకు తెర కనిపించేది కాదు, దాని మీద తగవులు. ఆమె చిన్నపిల్ల. సినిమాలో హీరోయిన్ మాదిరి నుదుట ఎర్రగా బొట్టు పెట్టుకుని ఇంటికి పోతే, వాళ్ల అమ్మ సబ్బు పెట్టి చర్మం ఊడేటట్టు తోమిందట. భాష ఎవరికీ రాదు. పక్కన కూర్చుని వాళ్లన్న కథ చెప్పేవాడు. వాడికీ రాదని పెద్దయ్యాక తెలిసిందట. ఆ హాలు లేదు, ఆ వీధీ లేదు. యుద్ధంలో అన్నీ పోయాయి. ఆ అన్న కూడా.

అప్పుడామె ఫోనుకు దగ్గరగా వచ్చింది. "మీరు ఇండియావాళ్లు కదా, మీకు తెలిసి ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా అడగాలని ఉంది" అంది. ఒక సినిమాలో తల్లి రైలు స్టేషన్లో కొడుకును పోగొట్టుకుంటుందట. పోయేముందు వాడి చేతిలో సగం రొట్టె పెడుతుంది. వాడు పెరిగి పెద్దవాడై, దెబ్బలు తిని, చివరికి తల్లి ఒళ్లో పడతాడు. సరిగ్గా అక్కడ వాళ్లన్న ఆమె చెయ్యి పట్టి లేపేశాడు. నాన్న మసీదు నుంచి వచ్చే వేళయింది, ఇంట్లో లేకపోతే ఇద్దరికీ తన్నులే. మిగతాది రేపు చెబుతాలే అన్నాడు. రేపటికి సినిమా మారిపోయింది.

"ఆ కొడుకు బతికాడా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా లైను తెగిపోయింది. సాయంత్రం మళ్లీ చేస్తుందని చెప్పి పిల్లవాడు పళ్లెం కడిగి పెట్టి పైకి పోయాడు. సినిమా పేరు ఆమెకు గుర్తు లేదు కాబట్టి ఎంత వెతికినా ఫోన్లో దొరకలేదట.

సగం రొట్టె అనగానే నాకు గుర్తొచ్చింది. ఆ సినిమా నేను చూశాను. లేదా అట్లాంటిదే మరొకటి. ఆ కాలం హిందీ సినిమాల్లో ప్రతి స్టేషన్లోనూ ఒక తల్లి ఏడుస్తూ నిలబడి ఉండేది కాబట్టి గట్టిగా చెప్పలేను.

మా ఊరు డోన్‌కు బస్సులో పోయేంత దూరం. వానొస్తే బుడ్డలు, రాకపోతే రాళ్లు పండే నేల. బుడ్డలంటే వేరుశనక్కాయలు. పంట ఇంటికొచ్చి, మళ్లీ వాన పడేదాకా ఎవరికీ పనుండదు. ఆ ఎండాకాలంలో ఊరి బయట టూరింగ్ టాకీస్ డేరా వేసేవాళ్లు. మొదట రెండు వారాలు తెలుగు సినిమాలు వచ్చేవి. ఆ తర్వాత జనం పలచబడగానే, తక్కువలో దొరుకుతాయని పాత హిందీ సినిమాలు తెచ్చేవాడు మేనేజరు. రేకు పెట్టెల్లో రీళ్లు రైలులో డోన్‌కు వచ్చి, అక్కడి నుంచి బస్సు టాపు మీద మా ఊరు చేరేవి. పెట్టె దిగిందంటే పిల్లలందరం దాని వెనక డేరాదాకా పోయేవాళ్లం. దేవుడి పల్లకీ వెనక కూడా మేం అంత భక్తిగా నడిచింది లేదు.

పొద్దు గూకేముందు నేలమీద నీళ్లు చల్లేవాళ్లు. ఆ తడిమట్టి వాసన, జనరేటరు డీజిలు వాసన, మగవాళ్ల వైపు నుంచి బీడీ పొగ, ఆడవాళ్ల వైపు కనకాంబరాలు, వేయించిన బుడ్డలు. మధ్యలో పొడుగునా ఒక గుడ్డ కట్టి ఉండేది, ఆడా మగా వేరని. ఆ గుడ్డకు నేనూ మా మేనత్త కూతురూ కలిసి కొడవలి మొనతో ఒక కన్నం చేశాం. అటువైపు ఏముందో చూడాలని మా తాపత్రయం. అటువైపు కూడా మనుషులే ఇసక మీద కూర్చుని బుడ్డలు వలుస్తున్నారని తెలిసి చాలా నిరాశపడ్డాం.

మా అవ్వ సినిమాల మనిషి కాదు. ఆమె డేరాకు రావడం మొదలుపెట్టింది మా చిన్నాయన కోసం.

చిన్నాయనంటే మా నాయన తమ్ముడు. ఎద్దులకు మేత వేయకుండా డోన్‌లో సినిమాకు పోయాడని మా తాత నలుగురి ముందర చర్నాకోలతో కొట్టాడు. ఆ పక్కరోజే చిన్నాయన కనబడకుండా పోయాడు. చాలా రోజుల తర్వాత, బొంబాయి కూలికి పోయి వచ్చిన పక్క ఊరి మనిషి ఒకడు, సినిమాలు తీసే చోట లైట్లు మోస్తుంటే చూశానని చెప్పాడు. చూశాడో, చూసినట్టు అనిపించిందో మాకు తెలియదు. అవ్వకు అంతే చాలు.

"వెలుగు పట్టుకున్నోడు కనపడకుండా యాడికి పోతాడు?" అంది. అందుకని హిందీ సినిమా ఒక్కటీ వదలలేదు. అందరం హీరోను చూస్తే ఆమె హీరో వెనక జనాన్ని చూసేది. సంతలో కూలీలు, రైలు దిగేవాళ్లు, పెళ్లిలో విస్తళ్లు తీసేవాళ్లు. నన్ను మోకాలితో పొడిచి, "పాపా, నీ కండ్లు మంచివి. ఆ గోడకాడ నిలబడినోన్ని సూడు. మీ చిన్నాయన మాదిరి లేడూ?" అని అడిగేది. నేను చూసేలోగా గోడా పోయేది, వాడూ పోయేవాడు.

అంతకంటే ఇంట్లో అందరినీ భయపెట్టింది మరొకటి. వాడు పోయినప్పటి నుంచి అవ్వ రాత్రి పూట బువ్వ మానేసింది. వాడు తిన్నాడో లేదో తెలీకుండా నా గొంతు దిగదు అనేది. మా అమ్మ రోజూ ఆమె వాటా ముద్ద చేసి మూతపెట్టేది, పొద్దున అది ఎద్దుల కుడితిలోకి పోయేది. ఆ ఎండాకాలానికి అవ్వ చేతి గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఈ మనిషి వచ్చే బుడ్డల కాలానికి ఉంటుందా అని మా నాయన గొంతు తగ్గించి అనడం నేను విన్నాను.

మా ఇంటి పక్కనే దూదేకులత్త ఉండేది. ఆమె భర్త విల్లు మీటి దూది ఏకుతుంటే ఆమె పరుపులు కుట్టేది. తలలో, కనుబొమ్మల్లో ఎప్పుడూ దూది పోగులే. ఆ దూదిరాశిలో పడి మేం గడ్డాలూ మీసాలూ పెట్టుకుని తుమ్ములు తుమ్మేవాళ్లం. తిట్టేది, మళ్లీ తానే గడ్డం సరిచేసేది.

మొదటి హిందీ సినిమా రోజు అవ్వ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. "మే, అది మీ భాషే గదా. ఆ యమ్మ ఏమంటాందో నాకు సెప్పు" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా చెవులు ఇటు పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు దూదేకులవాళ్లు నమాజు చేస్తారు, రంజాన్ చేస్తారు. ఇంట్లో మాట్లాడుకునేది మాత్రం తెలుగే. అత్తకు హిందీ ఎంత వచ్చో మా అవ్వకూ అంతే వచ్చు. పక్క పక్కనే గోడ పంచుకుని అన్నేళ్లు బతికి కూడా ఆ సంగతి మా ఊళ్లో ఎవరికీ తట్టలేదు. సాయిబుల ఇంటి మనిషి కదా, వచ్చే ఉంటుందిలే అనుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత నా పెళ్లి పరుపు కుడుతూ అత్తే నాతో చెప్పింది. "నాకు రాదక్కా అని అంటే మీ అవ్వ లేసి ఇంటికి పోతాది. పోయి పస్తు పండుకుంటాది. ఏం సేద్దును పాపా? నోరు తెరిస్తి, కథ అదే వచ్చె."

ఆ రోజు ఆమె ఒక్క క్షణం తెరవైపు చూసి, అవ్వవైపు చూసి, మొదలుపెట్టింది.

"ఆ యమ్మ కొడుకు తప్పిపోయినాడంటక్కా. వాని కోసరం ఊరూరు తిరుగుతాంది."

తెరమీద ఆ యమ్మ నిజానికి ఏం చేస్తోందో దేవుడికే తెలియాలి. బహుశా కూరగాయలు బేరం చేస్తోంది. కానీ అత్త చెప్పాక మాకందరికీ కొడుకును వెతుకుతున్నట్టే కనబడింది.

అక్కడ ఒకే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. లాంతరు వెలిగేది. ఆ సందులో అత్త జరిగిన కథంతా పేర్చి, జరగబోయేదానికి దారి వేసేది. తర్వాతి రీలు ఆమె చెప్పినట్టు రాకపోతే, "వాడు అబద్ధం సెప్తాండాడు, మీరు నమ్మొద్దండి" అని హీరో మీదికే నెట్టేసేది. ఏ సినిమా అయినా సరే ఎవడో ఒక కొడుకు తప్పిపోయేవాడు. చివర్లో తిరిగి వచ్చేవాడు. వచ్చి తల్లితో మొట్టమొదట అనే మాట ఒక్కటే. "అమ్మా, ఆకలైతాంది. బువ్వ పెట్టు."

కోటేసుకుని టై కట్టుకుని మేడ మెట్లు దిగి వచ్చిన హీరో కూడా అదే అడిగేవాడు. ఒకసారి నేను ఉండబట్టలేక, "కోటేసుకున్నోడు సంగటి తింటాడా అత్తా?" అన్నాను.

"బొంబాయోళ్లకు మాత్రం కడుపుండదా పాపా? గమ్మున సూడు" అంది అత్త.

ఆమె ఆ మాట ఎందుకు కనిపెట్టిందంటే, కొడుకు బువ్వ అడిగిన రాత్రి అవ్వ ఇంటికొచ్చి మూత తీసి రెండు ముద్దలు నోట్లో వేసుకునేది. అది మా అమ్మ గోడమీద నుంచి అత్తకు చెప్పింది. ఆ తర్వాత ఇక ఏ సినిమాలోనూ ఏ కొడుకూ బువ్వ అడగకుండా ఊరుకోలేదు. ఆ ఎండాకాలమంతా మా అవ్వను బతికించింది ఆ రెండు ముద్దలే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

అదే ఏడు మా బడికి కడప వైపు నుంచి హిందీ ఐవారు ఒకాయన వచ్చాడు. సన్నగా, గొడుగు పట్టుకుని ఉండేవాడు. సాయంత్రం ఆయనకు తోచక డేరాకు వచ్చేవాడు. గుడ్డకు అటువైపు, సరిగ్గా మా కన్నం పక్కనే కూర్చునేవాడు. తెరమీద మాటలు ఒక చెవికీ, అత్త కథ రెండో చెవికీ పడుతుండేవి. ఒక్కోసారి ఆయన భుజాలు కదిలేవి. దగ్గుతున్నాడని అనుకున్నాను.

చివరి వారంలో ఆ సినిమా వచ్చింది. స్టేషన్లో తల్లి, కొడుకు చేతిలో సగం రొట్టె, రైలు కదలడం. ఆ రోజు అత్త పెద్దగా కల్పించాల్సిన పనే లేకపోయింది. అవ్వ జనాన్ని చూడడం కూడా మానేసి ఆ తల్లినే చూస్తూ ఉండిపోయింది. చివరికి కొడుకు వచ్చాడు. చొక్కా అంతా నల్లగా తడిసి ఉంది, నలుపూ తెలుపూ సినిమా కదా, రక్తమూ నల్లగానే ఉంటుంది. తల్లి ఒళ్లో తల పెట్టాడు. ఏదో అన్నాడు. చెయ్యి జారి కింద పడింది. తల్లి వాడి మొహం మీదికి వంగింది. తెరమీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. లాంతర్లు వెలిగాయి.

ఎవరూ లేవలేదు. అవ్వ అత్త మణికట్టు పట్టుకుంది.

"ఏమాయ మే? వాడేమనె? సెప్పు."

అత్త కొంగు సర్దుకుంది. మాకందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు. ఒకామె ముక్కు చీదింది.

"నిద్దర పోతాండాడక్కా" అంది అత్త చివరికి. "శానా దూరం నడిసొచ్చినాడు గదా. అలసిపోయినాడు."

గుడ్డకు అటువైపు నుంచి ఎవడో కుర్రవాడు నవ్వాడు. "ఏం నిద్దరలే అవ్వా. వాడు సచ్చిపాయ."

అవ్వ చెయ్యి అత్త మణికట్టు మీద వదులైంది. నాకు ఆ చెయ్యి బాగా గుర్తుంది. ఆకలితో ఎండిన ఆ చేతి మీద నరాలు, మోచేతి దగ్గర గాజులు. ఇంక ఈమె ఇంటికి పోయి మూత తీయదు, ఇంకెప్పటికీ తీయదు అని నాకు తెలిసిపోయింది. నేను ఏడవడం మొదలుపెట్టాను.

"ఐవారికి హిందీ వస్తాది గదా. ఆయన్నే అడగండప్పా" అని ఎవరో అన్నారు.

గుడ్డ పక్కకు జరిపి ఐవారు నిలబడ్డాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. అత్త తల వంచుకుంది. ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, ఆ ఎండాకాలపు కథలన్నీ, తిరిగొచ్చిన కొడుకులందరూ ఒక్కసారే అబద్ధమైపోతారు.

ఐవారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ యమ్మ సెప్పిందే నిజమవ్వా" అన్నాడు. "ఆట ఇంకా అయిపోలేదు. ఇంకొక రీలు ఉండాది. పెట్టె డోన్ స్టేషన్లో దిగలేదంట. ఆ రీల్లో వాడు లేస్తాడు."

డేరా మేనేజరు నోరు తెరిచాడు. ఐవారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మేనేజరు నోరు మూసి, ఒకసారి జనాన్ని చూసి, "అవునప్పా. వస్తాది" అన్నాడు. ఇందాక నవ్విన కుర్రవాడు కూడా గమ్మున కూర్చున్నాడు.

"లేసి ఏమంటాడు?" అని అవ్వ అడిగింది. ఐవారు అత్తవైపు చూశాడు.

"ఇంకేమంటాడక్కా" అంది అత్త. "బువ్వ పెట్టమంటాడు."

ఆ రోజు నుంచి డోన్‌కు బస్సెక్కే ప్రతి మనిషికీ మా అవ్వ ఒక పని అప్పజెప్పేది. "డోనుకు పోతాండావా నాయనా? ఆ రీలు పెట్టె దిగిందేమో అడిగి రా." పత్తి అమ్మేవాళ్లు, మందు డబ్బాలు తెచ్చేవాళ్లు, కోర్టు పనిమీద పోయేవాళ్లు అందరూ అట్లనే అవ్వా అని, తిరిగొచ్చి ఇంకా దిగలేదంట అని చెప్పేవాళ్లు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడ్డం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నమ్మకంతో అవ్వ రోజూ రెండు ముద్దలు తింటూనే ఉంది. మొదటి వాన పడగానే డేరా పీకేసి, గుంజలు బండికెత్తుకుని వాళ్లు వెళ్లిపోయారు. అయినా అవ్వ అడగడం మానలేదు.

బుడ్డల చేలల్లో కలుపు తీస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చిన్నాయన వచ్చాడు.

ముందు తాత చూశాడు. అరుగు మీద నుంచి లేచి, "వచ్చినావా" అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఎద్దుల కొట్టంలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. చిన్నాయన బక్కపలచనై, చేతుల మీద కాలిన మచ్చలతో, చంకలో ఒక రేకు డబ్బాతో నడవలో నిలబడ్డాడు. బొంబాయిలో వాడు మోసింది లైట్లు కాదు. ఒక బేకరీలో పొయ్యి ముందర పని చేశాడు. డబ్బాలో వెన్న వాసన కొట్టే గుల్ల బిస్కట్లు. ఆ వాసన మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ లేదు.

అవ్వ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఏడవలేదు. పరుగెత్తుకు రాలేదు. చేతిలో తెడ్డు పట్టుకుని వాడి నోటివైపే చూస్తోంది. వాడికేమీ అర్థం కాలేదు. తిడుతుందనుకుని తల వంచుకున్నాడు. మా అమ్మ ఒకవైపు, నేనొకవైపు నిలబడ్డాం. అవ్వ దేనికోసం కాచుకుని ఉందో వాడికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

అంతలో తలనిండా దూదితో అత్త పరుగెత్తుకొచ్చింది. వాకిట్లోనే ఆగి చూసింది. అవ్వను చూసింది, చిన్నాయనను చూసింది. వాడి వెనకగా వచ్చి వీపు మీద మెల్లగా తట్టి అంది.

"అడుగు నాయనా. అమ్మను బువ్వడుగు."

చిన్నాయన తల ఎత్తాడు. "అమ్మా" అన్నాడు. "ఆకలైతాంది."

అవ్వ గడపమీదే కూలబడింది. కొంచెంసేపు అట్లాగే కూర్చుని, మళ్లీ తానే లేచి, ముద్ద పెట్టి, ఊరుబిండి పచ్చడి వేసి, నెయ్యి పోసి పళ్లెం వాడి ముందర పెట్టింది. వాడు తింటుంటే ఎదురుగా కూర్చుంది. అత్త స్తంభానికి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ ఆమెవైపు తిరిగి, ఎప్పటినుంచో తెలిసిన సంగతి చెప్పినట్టు చాలా మామూలుగా అంది.

"సూస్తివా మే. ఆ రీలు ఇదే."

చిన్నాయన మళ్లీ బొంబాయి పోయాడు, మళ్లీ వచ్చాడు, అట్లా తిరుగుతూనే బతికాడు. అవ్వ మాత్రం ఇంకెప్పుడూ పస్తు పడుకోలేదు. ఇంకెప్పుడూ డేరాకూ రాలేదు. తనకు ఆడ ఇంకేం పనుండాది అంది. హిందీ ఐవారికి వేరే ఊరికి బదిలీ అయింది. డేరా వేసిన చోట ఇటుకల హాలు లేచింది, ఆ తర్వాత అది కల్యాణమండపమైంది. దూదేకే విల్లు చప్పుడు మా వీధిలో ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు అందరివీ స్పాంజి పరుపులే. నా పెళ్లికి అత్త కుట్టిన పరుపు దూది గట్టిపడి రాయి అయిపోయినా నేను పారెయ్యలేదు. అటకమీద ఉంది. ఆ మనుషులు ఒక్కరూ లేరు. తలుచుకుంటే ఒక్కోసారి చాలా బెంగగా ఉంటుంది.

ఆ ఆదివారం సాయంత్రం పిల్లవాడు ఫోను తెచ్చి మళ్లీ చెంబుకు ఆనించాడు. పచ్చని ముసుగులో ముసలామె మొహం కడుక్కుని, నా కోసం సిద్ధపడి కూర్చున్నట్టు ఉంది. వాళ్ల ఊళ్లో ఎక్కడో పిల్లలు అరుస్తున్నారు. ఆమె ఏమీ అడగలేదు. పొద్దున అడిగేసింది కదా.

"ఆమెకు చెప్పు నాయనా" అన్నాను. "ఆమె లేచి వచ్చేసింది కానీ, చివరిదాకా కూర్చున్నా ఆమెకు తెలిసేది కాదు. ఆ సినిమాకు ఇంకొక రీలు ఉంది. అది చాలా ఊళ్లకు చేరనే లేదు. ఆ రీల్లో కొడుకు కళ్లు తెరుస్తాడు. వాడు చచ్చిపోలేదు. అలసిపోయాడు, అంతే. లేచి కూర్చుని, అమ్మా ఆకలైతాంది, బువ్వ పెట్టు అంటాడు."

వాడు అనువాదం చేయకుండా నావైపు చూశాడు. "నిజమేనా ఆంటీ?"

"మా ఊరి హిందీ ఐవారే చెప్పినాడు" అన్నాను.

వాడు ఇంకొక్క క్షణం నన్ను చూసి, ఫోనువైపు తిరిగి, వాళ్ల భాషలో మొదలుపెట్టాడు. నేను చెప్పింది నాలుగు మాటలు. వాడు చాలాసేపు చెప్పాడు. మధ్యలో చేత్తో ముద్ద కలిపినట్టు చూపించాడు, సూర్ అనే మాట నాకు వినబడింది. తలుపు తీసినట్టు, ఎవరినో చెయ్యి పట్టి లోపలికి తెచ్చినట్టు కూడా చూపించాడు. తలుపు సంగతి నేను చెప్పలేదు. చెయ్యి పట్టుకోవడం కూడా చెప్పలేదు. ముసలామె ముసుగు అంచుతో కళ్లు తుడుచుకుంటూ, తల ఊపుతూ, నవ్వుతూ వింటోంది.

వాడేం కలిపాడో నేను అడగలేదు.